కళ్ళు ముందే దిద్దిన బండి

అంకుడుగిరి రాజ్యంలో ఒకనాటి పొద్దున రాజుగారి పట్టపుటేనుగుకు రంగు పోయింది. తెల్ల ఏనుగైపోయిందనుకునేరు, అలా కాదు. తొండం చుట్టూ ఒక గీత, చెవుల చుట్టూ రెండు గీతలు, దంతాలకు చెరో గీత మిగిలాయి. లోపలంతా ఖాళీ. ఎవరో బొగ్గుతో ఏనుగును గీసి, రంగు వేయడం మరిచిపోయి వెళ్ళినట్టు వీధి మధ్యలో నిలబడి ఉంది. కదలదు, మెదలదు. కనురెప్పలు మాత్రం టపటప కొట్టుకుంటున్నాయి.

మధ్యాహ్నానికి మావటివాడూ అంతే అయ్యాడు. పొద్దు వాలేసరికి కోట బురుజులు, అంగడి వీధి, మామిడితోపు, తోపులోని చిలకలు, అన్నీ గీతలే. వాటన్నిటి మధ్యనుంచి కొండంత కొయ్యబండి ఒకటి దడదడలాడుతూ దొర్లుకుంటూ పోయింది. దాని చక్రాలు తాటిచెట్లంత ఎత్తు. ముందువైపు కోరలు, కోరల పైన రెండు పెద్ద గుడ్లు. ఆ గుడ్లు దేని మీద పడితే దాని రంగు జుర్రుమని బండిలోకి పోయేది. తిన్నకొద్దీ బండి పెరిగేది. అయితే తిన్న రంగేదీ దాని ఒంటికి పట్టలేదు. అది మాత్రం అప్పుడే చెక్కిన కొయ్యలా పాలిపోయే ఉంది.

రాజు భద్రసేనుడు సైన్యాన్ని పంపాడు. సైన్యం గీతలైంది. దారికి అడ్డంగా బండరాళ్ళు వేయించాడు. రాళ్ళు పిండి అయ్యాయి. అప్పుడు ఆ మహారాజు ఏం చేశాడో తెలుసా? ధాన్యం పాతరలోకి దిగి, మూత వేసుకుని, లోపలినుంచే చాటింపు వేయించాడు: "ఆ బండిని ఆపినవారికి అర్ధరాజ్యం!" చాటింపు వేసేవాడు ఆ మాట సగం పలికేసరికి వాడూ గీతలైపోయాడు.

ఇంతకీ ఆ బండిని చేసింది ఏ మాంత్రికుడో అనుకుంటున్నారా? పన్నెండేళ్ళ పిల్ల చేసింది. పేరు నూకాలు.

కోటకు పడమర, ఏటి ఒడ్డున లక్కపేట అనే బొమ్మలవాళ్ళ పేట ఉంది. అక్కడివాళ్ళు అంకుడు కర్రను గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కుతారు. అది తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడికి వేడి పుట్టి, లక్క కరిగి, రంగు కర్రకు పట్టుకుంటుంది. ఆ పైన మొగలాకుతో రుద్దితే బొమ్మ నిగనిగలాడుతుంది. అన్నీ అయ్యాక, ఆఖరున, బొమ్మకు కళ్ళు దిద్దుతారు. ముందుగా దిద్దరు. తాతలనాటినుంచి ఆ పేటలో ఎవరూ ముందుగా దిద్దలేదు. ఎందుకని ఎవరూ అడగనూ లేదు.

నూకాలు పనిలో చురుకే, కానీ ఒక్కచోట కాలు నిలవదు. అన్నం తింటూ నాలుగు ఇళ్ళు తిరిగొచ్చే రకం. దానికొక చెల్లెలు, ఐదేళ్ళది, పేరు చిలకమ్మ. కుడి బుగ్గ మీద నువ్వుగింజంత పుట్టుమచ్చ. ఆ పిల్ల నాలుగు రోజులుగా అక్క పావడా పట్టుకుని వదల్లేదు.

"అక్కా, నాకు రాక్షస బండి సెయ్యవే. సక్రాలు ఇంతింత ఉండాల. కోరలుండాల. కళ్ళు గుడ్లురిమి సూడాల!"

నూకాలు బండి చెక్కింది. చెక్కినంతసేపూ చిలకమ్మ పక్కనే కూర్చుని "అక్కా, అయిపోయిందా? అక్కా, అయిపోయిందా?" అని ప్రాణం తోడేసింది. అంతలో ఏటి అవతల తోలుబొమ్మలవాళ్ళ డోలు మోగింది. నూకాలు కాళ్ళు ఆగితేనా! చెల్లెలి నోరు మూయించడానికి, రంగులు ఇంకా వేయకుండానే, కాటుకతో బండికి రెండు కళ్ళు దిద్ది, "ఇదిగో, నిన్ను సూత్తంది. రంగులు వచ్చి యేత్తాలే," అని చేతిలో పెట్టి పరుగందుకుంది.

రాత్రంతా ఆట చూసి, అక్కడే పడి నిద్రపోయి, మర్నాడు పొద్దు వాలాక తిరిగొచ్చేసరికి వీధిలో చెల్లెలు లేదు. చెల్లెలి గీత ఉంది. చాపిన చెయ్యి, రెండు జడలు, బుగ్గ మీద చుక్క, టపటపలాడే రెప్పలు. నూకాలు దగ్గరికి పరుగెత్తింది. "సిలకా!" అంటూ జడ పట్టుకోబోతే, జడ కొస చెరిగి వేలికి బొగ్గు మసి అంటింది.

"ముట్టుకోకే!" అని అరిచాడు పేటలోకెల్లా ముసలివాడైన అప్పన్న తాత. కర్రల దొంతి వెనక ఉండబట్టి ఆయన బండి కంట పడలేదు. మోకాళ్ళు పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. "ఏటి సేసినావే నూకాలూ? కళ్ళు ముందు దిద్దేసినావా?"

నూకాలు తల ఊపింది.

"కళ్ళొచ్చిన బొమ్మ ముందుగాల తన్ను తాను సూసుకుంటాది. ఒంటి మీద సూత్తే రంగు లేదు. లోకమంతా రంగులే. మరి దానికి ఆకలెయ్యదేటి?"

"నేను దాన్ని నరికేత్తాను తాతా!"

"నరికితే సెల్లి రంగు దాంతోనే పోతాది. ఆపడం కాదు, నరకడం కాదు. సగంలో ఒదిలిన పని పూర్తిగా సెయ్యాల. రంగులేసి, మెరుగెట్టి, కళ్ళు మళ్ళీ దిద్దాల. రాజ్జెంలో రంగన్నది మిగల్లేదు. బండి పోని సోటికెళ్ళి నువ్వే తేవాల." తాత ఆకాశం వైపు చూశాడు. పడమట చిన్న మబ్బు ఒకటి తల ఎత్తుతోంది. "తొలకరి దగ్గిరకొచ్చేసింది. ఇయన్నీ బొగ్గు గీతలు. వాన పడిందా, సిలకమ్మ కడుక్కుపోతాది. బేగి ఎల్లు. నాను పిల్ల మీద తాటాకు పందిరేసి కాపలా ఉంటాను."

నూకాలు నడుముకు మొగలాకు చుట్ట, కాటుక భరిణె కట్టుకుంది. చెల్లెలి వైపు ఒక్కసారి చూసి, వెనక్కి తిరగకుండా పరుగెత్తింది.

మూడు కొండలు దాటాక అడవి పచ్చగా కనబడింది. బండి అంతదూరం రాలేదన్నమాట. అడవి నడుమ మనిషెత్తు పసుపు మొక్కలు, వాటి మధ్య పుట్టలో కూర్చుని తపస్సు చేస్తున్న ఒక ముని ఉన్నారు. కళ్ళు మూసుకునే ఉన్నారు గానీ ముఖం మాత్రం చిట్లించుకుపోతోంది.

"స్వామీ, పసుపు కావాలి," అంది నూకాలు, ఒంటికాలి మీద గెంతుతూ.

"ఎవరమ్మా నువ్వు? దేవుడు పంపినట్టు వచ్చావు! పన్నెండేళ్ళు చేతులు కదపనని నియమం పట్టాను తల్లీ. పట్టిన మూడో రోజునుంచీ వీపు దురద. కాస్త గోకి పెట్టు, అక్షయమైన పసుపుకొమ్ము ఇస్తాను."

ఇంతేనా అనుకుంది నూకాలు. గోకింది. "కొంచెం పైకి," అన్నారు ముని. పైకి గోకింది. "ఎడమవైపు. అబ్బబ్బ, అక్కడే! మళ్ళీ కిందికి." ఎండ నడినెత్తికి వచ్చింది. నూకాలుకు ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది. పడమటి మబ్బు ఇప్పుడు గంపంతైంది. ఇక ఆగలేక, ముని పక్కనున్న పసుపుకొమ్ము లాక్కుని "మిగతాది ఇంకెవరైనా గోకుతార్లే స్వామీ!" అని పరుగుతీసింది. పది అడుగులు వేసిందో లేదో, చేతిలో బరువనిపించింది. చూస్తే గులకరాయి.

సిగ్గుపడుతూ వెనక్కి వచ్చింది. ముని కోప్పడలేదు. "సగం గోకిన వీపు అసలు గోకని వీపుకన్నా ఎక్కువ దురద పెడుతుందమ్మా," అన్నారు పాపం. నూకాలు మాట్లాడకుండా కూర్చుని చివరిదాకా గోకింది. ముని హాయిగా ఊపిరి పీల్చుకునేసరికి రాయి మళ్ళీ పసుపుకొమ్మైంది.

రెండో అడవి నీలిమొక్కల అడవి. అక్కడొక మడుగు, మడుగు గట్టున నీలిగోళ్ళ రాక్షసి. ఆమె కుండ నిండా నీలిమందు ఉంది. నూకాలును చూడగానే నోరూరింది ఆమెకు.

"రా పాపా, రా! ఎండన పడి వచ్చావు. ఈ పీట మీద కూర్చో. కూర్చుంటే కుండెడు నీలిమందు ఇస్తాను."

అసలు సంగతి ఏమిటంటే ఆ రాక్షసికి ఒక శాపం ఉంది. కదలకుండా ఉన్నదాన్నే తినగలదు. కదిలేదాన్ని ముట్టుకుంటే చేతులు కాలుతాయి. అందుకే వచ్చినవాళ్ళందరికీ పీట వేస్తుంది. ఈ ముక్క నూకాలుకు తెలియదు. తెలియకపోయినా ఏమీ నష్టం లేదు, ఆ పిల్ల పీట మీద కూర్చుంటే కదా!

"నాకు తొందరండీ. నిలబడే మాట్లాడతాను," అంటూ నూకాలు కుండ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. "ఈ మందు మంచిదేనా? నీళ్ళలో కలుస్తుందా? ఇది మీ కొంపేనా? ఆ ఎముకలెవరివి?"

"ముందు కూర్చోవే!"

"కూర్చుంటా కూర్చుంటా. మీకు పళ్ళెన్ని? అమ్మో, అది చేపా?" అని మడుగు గట్టంట పరుగెత్తి, తిరిగొచ్చి, పీటను ఒక గెంతులో దాటి, మళ్ళీ కుండ చుట్టూ తిరిగింది. దాన్నే చూస్తూ తల తిప్పీ తిప్పీ రాక్షసికి కళ్ళు తిరిగాయి. రెండు చేతులతో తల పట్టుకుని కూలబడింది.

"ఓసి నీ కాళ్ళు పడ! నా మెడ విరిగేట్టుంది. ఆ మందు పట్టుకుని పోవే తల్లీ, మళ్ళీ ఈ ఛాయలకు రాకు!"

నూకాలు నీలిమందు మూట కట్టుకుని ఉడాయించింది. మీ ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని కుదురుగా కూర్చోమంటే ఈ కథ చెప్పకండి. తరవాతి సంగతి విని అప్పుడు చెప్పండి.

మూడోది మోదుగ అడవి. కొమ్మ కొమ్మకూ ఎర్రటి లక్క పేరుకుని ఉంది. కానీ ఏ కొమ్మ ముట్టుకున్నా లక్క పొడిపొడిగా రాలి గాలిలో కలిసిపోయింది. నూకాలు ఉసూరుమంటూ చెట్టు కింద నిలబడితే, చెవి దగ్గర సన్నటి గొంతు వినిపించింది. ఆవగింజంత పురుగు, నెత్తిన అంతకన్నా చిన్న కిరీటం.

"నేను లక్కపురుగుల రాణిని. దోచుకుపోయే చేతికి మా లక్క అందదు. నీ చేతిని మాకు కొమ్మగా ఇస్తావా? ఇప్పటినుంచి పొద్దువాలేదాకా మావాళ్ళు దాని మీద లక్క కడతారు. కొమ్మ కదిలితే మళ్ళీ మొదలు."

నూకాలు చెయ్యి చాపి నిలబడింది. వేలవేల పురుగులు చేతి మీదికి పాకాయి. అబ్బో, ఆ చక్కిలిగిలి! మొదటిసారి మోచెయ్యి కదిలింది, లక్కంతా రాలిపోయింది. రెండోసారి ఉరుము వినబడి తల తిప్పింది, మళ్ళీ రాలిపోయింది. మూడోసారి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెల్లెలు గుర్తొచ్చింది. వీధిలో ఆ పిల్ల కూడా చెయ్యి చాపే నిలబడి ఉంది కదా, తను వచ్చి రంగులేస్తానంటే! ఇక నూకాలు చెయ్యి వణకలేదు. పొద్దువాలేసరికి అరచేయంత మందాన ఎర్ర లక్క కట్టింది.

"పని ముగిసేదాకా ఇది తరగదు," అంది రాణి. "మధ్యలో చెయ్యి తీశావా, రాయైపోతుంది."

నూకాలు రాళ్ళ పొయ్యి మీద లక్క కరిగించి, పసుపు కలిపి ఒక కడ్డీ, నీలిమందు కలిపి ఒక కడ్డీ చేసుకుంది. ఎరుపు లక్కకు దాని రంగు చాలు. అక్కడినుంచి లక్కపేటకు తిరుగుదారిలో ఎక్కడా ఆగలేదు. మబ్బు ఆమెతోపాటే నడిచొచ్చి సగం ఆకాశం కమ్మేసింది.

బండి ఏటి దగ్గరే ఉంది. తినడానికి ఏమీ మిగలక అటూ ఇటూ దొర్లుతోంది, మూలుగుతోంది. తాత పందిరి చాటున నక్కి ఉండబట్టి దాని కంట పడలేదు. నూకాలు ఎదురుగా వెళ్ళి నిలబడింది. బండి గుడ్లు ఆమె మీద పడగానే ఆకుపచ్చ పావడా తెల్లబడింది. పాదాలు గీతలయ్యాయి. మోకాళ్ళదాకా ఖాళీ పాకుతోంది.

"ఒసే బండీ! నన్ను గుర్తుపట్టావా? నీ కళ్ళు దిద్దింది నేనే!"

బండి ఆగింది. చక్రాలు మాత్రం ఇసకలో గిర్రున తిరుగుతూనే ఉన్నాయి. ఇరుసు కిర్రుమన్నట్టు, చంటిపిల్ల గొంతుతో అంది: "నువ్వే కదూ వదిలేసి పోయావు?"

ఆ గొంతు వింటే నూకాలుకు కోపం రాలేదు. జాలేసింది. తాను చేసిన బొమ్మ అది. ఆకలితో ఊరంతా తిరిగింది.

"నేనే వదిలేశాను. తప్పు నాదే. నీ రంగులు తెచ్చాను. కళ్ళు మూసుకో, వేస్తాను."

"మూసుకుంటే మళ్ళీ పారిపోతావు."

"పోను. నా చెల్లెలి మీద ఒట్టు."

 బండి పెద్ద రెప్పలు మెల్లగా వాలాయి. పూర్తిగా మింగని రంగు నూకాలు కాళ్ళకు తిరిగొచ్చింది. కళ్ళు మూసుకున్న బండికి దారి తెలియదు కనుక చక్రాలు ఇసకలో కూరుకుని ఉన్నచోటే తిరుగుతున్నాయి. చక్రాలు ఆపాలనే కదా రాజూ, సైన్యమూ, రాళ్ళూ అంత పాటుపడింది! లక్కపేట పిల్లకు తిరిగేదే కావాలి. తిరుగుతున్న కొయ్యకే లక్క పట్టేది. నూకాలు పసుపు కడ్డీ తీసి చక్రం అంచుకు ఆనించింది. రాపిడికి పొగ లేచింది, లక్క కరిగింది, పచ్చటి పసుపు చక్రమంతా చుట్టుకుంది. ఒక చక్రం, రెండో చక్రం. ఆకలి తీరేకొద్దీ బండి కొండెత్తునుంచి ఇంటెత్తుకు తగ్గింది. వెనక చక్రాలకు నీలి కడ్డీ ఆనించింది.

టప్పుమని ఒక చినుకు ముక్కు మీద పడింది.

"నూకాలూ!" ఒడ్డుమీదినుంచి తాత కేక. "పందిరి లేసిపోతందే! గాలి! నాకొక్కడికీ ఆగట్లేదు, రాయే!"

నూకాలు తల తిప్పి చూసింది. గాలికి తాటాకులు ఎగురుతున్నాయి. తాత తన ఒంటితో పిల్ల గీతకు అడ్డం నిలబడి ఉన్నాడు. నలభై అడుగుల దూరం. నూకాలు కాళ్ళకు అదెంత? చెయ్యి తీస్తే లక్క రాయి. తియ్యకపోతే చెల్లెలు ఏట్లోకి కారిపోతుంది. దాని కాళ్ళు వాటంతటవే పరుగుకు లేచాయి. చెయ్యి మాత్రం లేవలేదు. మోదుగ కొమ్మలా నిలబడింది.

"నీ వీపు అడ్డం పెట్టు తాతా! నేను రాను! పని కాలేదు!" అని అరుస్తూ ఏడ్చింది, ఏడుస్తూనే కడ్డీ ఆనించింది.

నాలుగో చక్రం నీలమయ్యేసరికి బండి ఒడిలో పట్టేంతైంది. నూకాలు ఇసకలో కూలబడి, ఎర్రటి లక్కను దాని ఒంటికి అరచేత్తో రుద్దింది. చెయ్యి బొబ్బలెక్కింది. కోరలకు కూడా వేసింది, ఏదీ విడిచిపెట్టలేదు. ఏటి మీద వాన జోరందుకుంది, తూర్పున కోటదాకా ఇంకా రాలేదు. మొగలాకుతో మెరుగు పెట్టింది. ఊపిరి బిగబట్టి చెయ్యి కుదురుచేసుకుంది. అప్పుడు, అన్నీ అయ్యాక, భరిణె తెరిచి కాటుకతో కళ్ళు దిద్దింది.

బండి కళ్ళు విప్పి తనను తాను చూసుకుంది. ఎర్రటి ఒళ్ళు, పసుపు చక్రాలు, నీలి చక్రాలు. "నాకే?" అంది. అదే దాని ఆఖరి మాట. ఆ పైన అది బొమ్మే.

తిన్న రంగులన్నీ ఒక్కసారిగా లోకంలోకి దూకాయి. ఏనుగు ఘీంకరించింది, తోపు పచ్చబడింది, చాటింపువాడు "...జ్యం!" అని తన మాట పూర్తి చేశాడు. నూకాలు లేచి పరుగెత్తింది. తాత తడిసి ముద్దయి నిలబడి ఉన్నాడు. ఆయన వెనకనుంచి చిలకమ్మ తల బయటపెట్టి, ఏమీ జరగనట్టు అడిగింది:

"అక్కా, అయిపోయిందా?"

"అయిపోయిందే," అని నూకాలు ఆ పిల్లను ఎత్తుకుని, కొస పొట్టిదైన జడ నిమిరి, ముఖమంతా ముద్దులాడి, బుగ్గ దగ్గర ఆగిపోయింది. కుడి బుగ్గ నున్నగా ఉంది. పుట్టుమచ్చ లేదు. తాత వీపుకు అందని ఒక్క చినుకు దాన్ని కడిగేసింది.

రాజు పాతరలోంచి మీసాలనిండా ఊకతో పైకి వచ్చి, మాట తప్పకుండా అర్ధరాజ్యం ఇస్తానన్నాడు. "సింహాసనం మీద రోజూ కూర్చోవాలా? ఎంతసేపు?" అని అడిగింది నూకాలు. పూటంతా అని విని రెండు చేతులూ జోడించింది. దానికి బదులు లక్కపేట పెద్దరికం అడిగితే రాజు ఇచ్చాడు. పన్నెండేళ్ళకే పెద్దమ్మ అయింది.

ఆ రాజ్యపు పిల్లలందరికీ రాక్షస బండి అంటే పిచ్చి పట్టింది. అందరికీ బొమ్మలు చెక్కడం ఎవరి తరం? నూకాలు కాగితాల మీద బొగ్గుతో బండి గీసి ఇంటింటికీ పంచింది. పెద్ద చక్రాలు, కోరలు, లోపలంతా ఖాళీ. రంగులు మీ ఇష్టం, ఊదా చక్రాలేసినా ఎవరూ తిట్టరు. కళ్ళు మాత్రం ఆఖరున. డోలు మోగినా సరే, అన్నానికి పిలిచినా సరే.

చిలకమ్మ ఆ బండిని తాడు కట్టి వీధులన్నీ లాక్కుంటూ తిరిగేది. అయితే రోజూ పొద్దున్నే, పరుగులు మొదలయ్యే ముందు, నూకాలు ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెయ్యి కదలకుండా, కుడి బుగ్గ మీద నువ్వుగింజంత కాటుక చుక్క పెట్టేది. చూసినవాళ్ళు దిష్టిచుక్క అనుకునేవారు. నూకాలు ఎవరికీ కాదని చెప్పలేదు.